ఎగ్జిట్ 3 ఎక్కడికి పోయింది? హైవే దారి మారితే ఎగ్జిట్ నంబర్లు, మైలు మార్కర్లు ఏమవుతాయి

ముందు మీ ప్రశ్న ఇంకోసారి చెప్పుకుందాం, కొత్తగా చదివేవాళ్లకు తెలుస్తుంది. మీరు న్యూజెర్సీలో స్కాచ్ రోడ్డు దగ్గర ఇల్లు కొన్నారు, వచ్చే నెల గృహప్రవేశం. పాత ఓనరు ఇచ్చిన కాగితంలో ఇంటికి దారి ‘ఐ-95, ఎగ్జిట్ 3’ అని ఉంది (ఐ అంటే ఇంటర్‌స్టేట్, రాష్ట్రాలు దాటే పెద్ద హైవే; ఎగ్జిట్ అంటే దాని మీంచి దిగే చోటు). ఫోన్ మాత్రం ‘ఐ-295, ఎగ్జిట్ 73’ అంటోంది. ఆఫీసులో ఒకరు రోడ్డే మార్చేశారన్నారు, ఇంకొకరు నంబరు మాత్రమే మారిందన్నారు. కార్డు మీద ఏది వేయించాలి, రోడ్డు దారి మారినప్పుడల్లా నంబర్లన్నీ మారతాయా, టర్న్‌పైక్ (టోల్ రోడ్డు) నంబర్లు కూడా మారాలి కదా అని అడిగారు.

నేను పద్దెనిమిదేళ్లుగా హైవే సైన్ బోర్డుల డిజైన్ పనిలో ఉన్నాను. మీ ఇంటి ముందున్న ఆ రోడ్డు మా వృత్తిలో ఉన్నవాళ్లకు ఒక పాఠం లాంటిది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ ఆఫీసులో ఇద్దరూ చెప్పింది నిజమే. ఐ-95 అనే పేరు వేరే దారికి వెళ్లిపోయింది. మీ దగ్గరున్న రోడ్డు మాత్రం అంగుళం కూడా కదల్లేదు. ఎగ్జిట్ నంబరు తారుకు అతుక్కుని ఉండదు, రూటు పేరుకు అతుక్కుని ఉంటుంది. పేరు మారితే లెక్క మొదలయ్యే చోటు మారుతుంది, దాంతో ఆ రోడ్డు మీద ప్రతి అంకె మారుతుంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

లెక్క మామూలుగా ఎలా వేస్తారంటే, రాష్ట్రంలోకి రూటు దక్షిణం నుంచో పడమర నుంచో అడుగుపెట్టే సరిహద్దు దగ్గర సున్నా. రూటు రాష్ట్రం లోపలే పుడితే పుట్టిన చోట సున్నా. అక్కడి నుంచి ఉత్తరానికి లేదా తూర్పుకు వెళ్లేకొద్దీ మైళ్లు పెరుగుతాయి. పక్క రాష్ట్రంలోకి వెళ్లగానే మళ్లీ సున్నా. ఎగ్జిట్ ఏ మైలు దగ్గర ఉంటే ఆ నంబరే దానికి పెడతారు. ఒకే మైలులో రెండు ర్యాంపులు (హైవే ఎక్కి దిగే దారులు) ఉంటే ఏ, బి అని అక్షరాలు తగిలిస్తారు. ఒకప్పుడు చాలా రాష్ట్రాల్లో 1, 2, 3 అని వరుసగా ఇచ్చేవారు. పెన్సిల్వేనియా 2001లో మైళ్ల పద్ధతికి మారింది. దేశమంతటికీ వర్తించే ఫెడరల్ సైన్ మాన్యువల్ 2009 ఎడిషన్‌లో మైళ్ల పద్ధతే ఉండాలని రాశారు.

ఇప్పుడు మీ రోడ్డు కథ. ఐ-95 ఫ్లోరిడా నుంచి మెయిన్ దాకా తూర్పు తీరమంతా వెళ్లే రోడ్డు. కానీ న్యూజెర్సీలో దానికి చాలాకాలం ఒక తెగిన ముక్క ఉండేది. ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన ఐ-95 స్కడర్ ఫాల్స్ వంతెన మీద డెలావేర్ నది దాటి, ట్రెంటన్‌కి ఉత్తరంగా కొంత దూరం వచ్చి, అక్కడి నుంచి సోమర్‌సెట్ ఫ్రీవే అనే కొత్త రోడ్డు ఎక్కి ఉత్తరానికి పోవాలన్నది మొదటి ప్లాన్. స్థానికులు వద్దన్నారు, 1980ల మొదట్లో ఆ ఫ్రీవే రద్దయింది. దాంతో ఐ-95 నార్త్‌లో వస్తున్న డ్రైవరుకు లారెన్స్‌లో రూట్ 1 దగ్గర వింత అనుభవం ఎదురయ్యేది. రోడ్డు అదే, లేన్ అదే. బోర్డు మాత్రం ఉన్నట్టుండి ‘ఐ-295 సౌత్’ అనేది. మైలు మార్కర్లు (రోడ్డు పక్కన మైలు లెక్క చూపే చిన్న బోర్డులు) అంతవరకూ 1 నుంచి 8 దాకా పెరుగుతూ వచ్చి, అక్కడ ఒక్కసారిగా 67కి దూకి, అక్కడి నుంచి తగ్గడం మొదలుపెట్టేవి.

దీనికి పరిష్కారం పెన్సిల్వేనియాలో దొరికింది. బక్స్ కౌంటీ బ్రిస్టల్ టౌన్‌షిప్‌లో ఐ-95, పెన్సిల్వేనియా టర్న్‌పైక్ ఒకదాని మీదుగా ఒకటి దాటేవి గానీ, ఒకదాని మీంచి ఇంకోదాని మీదకు వెళ్లే దారి లేదు. అక్కడ ఫ్లైఓవర్ ర్యాంపులు కట్టి 2018 సెప్టెంబరు 22న తెరిచారు. ఐ-95 ఆ ర్యాంపులెక్కి, టర్న్‌పైక్ మీదుగా నది దాటి, న్యూజెర్సీ టర్న్‌పైక్‌లో కలిసింది. అనాథగా మిగిలిన పాత ముక్కకు, అంటే బ్రిస్టల్ నుంచి స్కడర్ ఫాల్స్ మీదుగా రూట్ 1 దాకా ఉన్నదానికి, ఆ ఏడాదే ఐ-295 అని పేరు పెట్టారు. మీ స్కాచ్ రోడ్డు ఆ ముక్కలోనే ఉంది.

ఇక అంకెలు చూడండి, నాకు ఈ పనిలో బాగా ఇష్టమైన భాగం ఇదే. పెన్సిల్వేనియా వైపు లెక్క తేలిక. కొత్త ఐ-295కి సున్నా ఆ కొత్త ఇంటర్‌చేంజ్ (ర్యాంపులతో రోడ్లు కలిసే చోటు) దగ్గర మొదలవుతుంది. అది పాత ఐ-95 లెక్కలో దాదాపు 41వ మైలు. కాబట్టి పాత నంబర్లో 41 తీసేస్తే కొత్తది వస్తుంది. న్యూటౌన్ ఎగ్జిట్ 49 ఉండేది, 8 అయింది. నది పక్కన టేలర్స్‌విల్ రోడ్డు 51 ఉండేది, 10 అయింది. పెన్‌డెల్ 44 ఉండేది, 3 అయింది.

న్యూజెర్సీ వైపు తీసివేత పనికిరాదు, అద్దంలో చూసినట్టు తిరగబడింది. ఐ-295కి న్యూజెర్సీలో సున్నా ఎక్కడో దక్షిణాన డెలావేర్ మెమోరియల్ బ్రిడ్జి దగ్గర ఉంది. అక్కడి నుంచి పెరుగుతూ వచ్చి రూట్ 1 దగ్గర 67 అవుతుంది. పాత ఐ-95 ముక్కలో నది దగ్గర 1, రూట్ 1 వైపు 8 అని పెరిగేవి. ఇప్పుడు రూట్ 1 వైపు 68, నది దగ్గర 76. ప్రిన్స్‌టన్ పైక్ 8 నుంచి 68కి వెళ్లింది. రూట్ 206 ఎగ్జిట్ 7 నుంచి 69, రూట్ 31 ఎగ్జిట్ 4 నుంచి 72, మీ స్కాచ్ రోడ్డు 3 నుంచి 73, నది ఒడ్డున రూట్ 29 ఎగ్జిట్ 1 నుంచి 76 అయ్యాయి. ఎక్కడైనా పాతదీ కొత్తదీ కలిపి చూడండి, 76 గానీ 77 గానీ వస్తుంది. పాత నంబర్లు గుర్తున్నవాళ్లకు నేను చెప్పే చిట్కా ఇదే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. నంబర్ల కంటే ఇదే ఎక్కువమందిని తికమక పెట్టింది. దిక్కు పేరు తిరగబడింది. రూట్ 1 దగ్గర నది వైపు ఎక్కే ర్యాంపు మీద అంతకుముందు ‘ఐ-95 సౌత్’ అని ఉండేది. ఇప్పుడు అదే ర్యాంపు, అదే లేన్, ‘ఐ-295 నార్త్’. వంతెన దాటి పెన్సిల్వేనియాలోకి వెళ్లగానే అదే లేన్ ‘ఐ-295 వెస్ట్’ అవుతుంది, ఎందుకంటే ఆ రాష్ట్రంలో ఈ ముక్కకు తూర్పు-పడమర అని బోర్డులు పెట్టారు. పైకి పిచ్చిగా కనిపిస్తుంది గానీ, తూర్పుకు వెళ్తే పెరగాలన్న నియమం పెన్సిల్వేనియాలో నిలబడింది, ఉత్తరానికి వెళ్తే పెరగాలన్న నియమం న్యూజెర్సీలో నిలబడింది. రెండు రాష్ట్రాల లెక్కలూ నది దగ్గరికి వచ్చేసరికి శిఖరానికి చేరి ఎదురెదురుగా నిలబడతాయి, ఇటు 10, అటు 76.

‘నంబరే కదా, జీపీఎస్ ఉంది కదా’ అనేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను అలా అనలేను. నంబర్లు మారిన కొత్తలో మా బంధువుల అబ్బాయి కారు టైరు రాత్రి పదకొండింటికి పేలింది. భార్య, ఏడాది పాప కూడా కారులో ఉన్నారు. వాడు ఆ రోడ్డు మీద నాలుగేళ్లుగా ఆఫీసుకు తిరుగుతున్నాడు, టెన్షన్‌లో అలవాటైన మాటే నోటికి వచ్చింది. టో ట్రక్ వాళ్లకు ‘295 మీద ఎగ్జిట్ 3 దాటాక ఉన్నాం’ అన్నాడు. పేరు కొత్తది, నంబరు పాతది. 295 మీద ఎగ్జిట్ 3 అంటే అప్పటికే పెన్సిల్వేనియాలో పెన్‌డెల్. ట్రక్కు అక్కడికి వెళ్లింది. వాళ్లు నిలబడింది స్కాచ్ రోడ్డు దగ్గర, నదికి ఇవతల, పది పదకొండు మైళ్ల దూరంలో. పక్కనే లారీలు దూసుకుపోతుంటే షోల్డర్ (రోడ్డు అంచు) మీద గంటన్నర కూర్చున్నారు. నాకు ఫోన్ చేస్తే నేను అడిగిన మొదటి మాట, ‘నీకు దగ్గర్లో చిన్న ఆకుపచ్చ బోర్డు మీద ఏముందిరా?’ ఫోన్ లైటు వేసి చూసి ‘నార్త్, 295, మైల్ 73, దాని కింద ఇంకో అంకె’ అన్నాడు. ఆ అంకెతో కలిపి చెప్పగానే ట్రక్కు నేరుగా అక్కడికే వచ్చింది.

ఆ చిన్న బోర్డు అసలు పని అదే. మైలు మార్కర్ మనకు ‘ఇంకా ఎంత దూరం’ అని చెప్పడానికి మాత్రమే పెట్టింది కాదు. అంబులెన్స్, పోలీసు, రోడ్డు మరమ్మతు వాళ్లు, అందరూ ఒక చోటును ఒకే పేరుతో పిలవడానికి పెట్టింది. ప్రతి ప్రమాదం రికార్డులో రూటు పేరు, దిక్కు, మైలు పక్కపక్కనే రాస్తారు. కల్వర్టుల లిస్టు, దీప స్తంభాల లిస్టు, గార్డ్‌రెయిల్ రిపేరు కాంట్రాక్టు, అన్నీ మైలు మీదే నడుస్తాయి. ఒక మలుపు దగ్గర పదేళ్లుగా యాక్సిడెంట్లు పెరుగుతున్నాయో తగ్గుతున్నాయో చూడాలంటే పదేళ్ల రికార్డూ ఒకే లెక్కలో ఉండాలి. మధ్యలో నంబర్లు మారితే పాత రికార్డును ఒక్కొక్కటిగా కొత్త లెక్కలోకి తర్జుమా చేయాలి. అందులో తప్పు దొర్లితే ప్రమాదకరమైన మలుపు కాగితం మీద మాయమైపోతుంది. మేము మైలు మార్కర్‌ను కదపడానికి భయపడేది ఇందుకే.

అందుకే, మీ రెండో ప్రశ్నకు జవాబు: రోడ్డు దారి మారినప్పుడల్లా నంబర్లన్నీ మారవు. మారకుండా ఉండటానికి చేయగలిగిందంతా చేస్తారు.

మీ ఐ-95లోనే చూడండి. దారి మారింది పెన్సిల్వేనియాలో ఆ రూటు చివరి కొస దగ్గర. సున్నా డెలావేర్ సరిహద్దులో ఉంది, అది కదల్లేదు. కాబట్టి ఫిలడెల్ఫియా ఊరంతా ఐ-95 నంబర్లు అలాగే ఉన్నాయి. కొత్త ఇంటర్‌చేంజ్ తర్వాత టర్న్‌పైక్ మీద ఉన్న రూట్ 13 ఎగ్జిట్ మాత్రం 358 నుంచి 42కి దిగింది. అంతకుముందు దాన్ని ఒహాయో సరిహద్దు నుంచి కొలిచేవారు, ఇప్పుడు డెలావేర్ సరిహద్దు నుంచి కొలుస్తున్నారు.

కష్టమంతా దారి మధ్యలో మారినప్పుడే. ఒక రోడ్డు మీద 20వ మైలు నుంచి 26వ మైలు దాకా వంకరలు తీసేసి తిన్నగా వేశారనుకోండి. ఆరు మైళ్లు కాస్తా 5.4 అయింది. నిక్కచ్చిగా కొలిస్తే ఆ తర్వాత ఉన్న రెండొందల మైళ్లలో ప్రతి మార్కరు మీద అంకె 0.6 తగ్గాలి. అలా ఎవరూ చేయరు. కొత్త ముక్క పాత రోడ్డులో కలిసే బిందువు దగ్గర ప్లాన్ షీటు మీద ఒక గీత గీసి ‘25.4 బ్యాక్ = 26.0 అహెడ్’ అని రాస్తాం. దీన్ని ఈక్వేషన్ అంటాం. వెనక నుంచి వస్తే అది 25.4, ముందుకు వెళ్తే అది 26.0. మధ్యలో 0.6 మైలు లోకంలోనే లేదు. తర్వాతి నంబర్లన్నీ భద్రం. ఈ పనిలో చేరిన కొత్తలో నేను ఆ గీత చూసి ప్రింటింగ్ తప్పు అనుకుని మా సీనియర్‌ని అడిగాను. ఆయన పెన్సిల్‌తో ఆ బిందువు చుట్టూ సున్నా చుట్టి, ‘దీన్ని చూడకుండా దూరం లెక్కేస్తే నీ బోర్డు వేరే ఊళ్లో నిలబడుతుంది’ అన్నారు. ఇప్పటికీ ఏ పాత రోడ్డు ప్లాన్ చేతికొచ్చినా ముందు ఈక్వేషన్లు వెతుకుతాను.

కొత్త దారి పొడవెక్కువైతే ఇంకా చిక్కు. అప్పుడు ఒకే అంకె రెండుసార్లు వస్తుంది. దీనికి కాలిఫోర్నియా వాళ్ల ఏర్పాటు నాకు నచ్చుతుంది. అక్కడ పోస్ట్‌మైల్ అని చిన్న తెల్ల పలకలుంటాయి, ప్రతి కౌంటీ సరిహద్దులో సున్నా నుంచి మొదలవుతాయి. దాంతో ఎంత మార్పు జరిగినా ఆ కౌంటీ దాటి పాకదు. దారి మార్చిన ముక్క మీద అంకె ముందు ‘ఆర్’ అని అక్షరం పెడతారు, అదే ముక్క రెండోసారి మారితే ‘ఎం’. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు ఈసారి కొండ దారుల్లో వెళ్లేటప్పుడు గమనించండి, ‘ఆర్’ కనిపించిందంటే పాత రోడ్డు పక్కనే ఎక్కడో చెట్ల మధ్య పడి ఉంటుంది.

అసలు కొలత తప్పని తెలిసీ పాత నంబరునే కాపాడుకున్న చోటు అలాస్కా హైవే. 1942లో యుద్ధకాలంలో హడావుడిగా వేసిన రోడ్డు అది. కెనడాలోని డాసన్ క్రీక్‌లో మైలు సున్నా, అలాస్కాలోని డెల్టా జంక్షన్‌లో మైలు 1422. తర్వాత దశాబ్దాల పాటు వంకరలు తీస్తూ వచ్చారు, ఇప్పుడు అసలు దూరం దాదాపు 1387 మైళ్లే. అయినా డెల్టా జంక్షన్ ఇప్పటికీ 1422 దగ్గరే ఉంది. ఆ దారిలో చాలా హోటళ్లకూ ఇళ్లకూ మైలు నంబరే అడ్రసు. ముప్ఫై అయిదు మైళ్లు లెక్క తప్పినా, జనం నోట్లో ఉన్న అడ్రసు తప్పకూడదని అలాగే ఉంచారు. ఆ నిర్ణయం సరైనదనే నేను నమ్ముతాను.

తొందరపడి పేరు మార్చి వెనక్కి తగ్గిన చోటూ ఉంది, నార్త్ కరోలినాలో గ్రీన్స్‌బొరో. 2008 ఫిబ్రవరిలో ఊరి చుట్టూ కొత్త లూప్ తెరిచి ఐ-40ని దాని మీదకు మార్చారు, ఊళ్లోంచి వెళ్లే పాత దారిని బిజినెస్ 40 అన్నారు. లూప్ దూరం ఎక్కువ. బోర్డుల మీద 40లు రెండు. జనం గందరగోళపడ్డారు. అదే ఏడాది సెప్టెంబరులో ఫెడరల్ అనుమతి తీసుకుని ఐ-40ని మళ్లీ పాత దారికే తెచ్చారు. ఈ గొడవలో ఒక మంచి పని జరిగింది. గ్రీన్స్‌బొరో తర్వాత విల్మింగ్టన్ దాకా దాదాపు రెండొందల మైళ్ల ఐ-40 ఉంది, దాని నంబర్ల జోలికి ఎవరూ పోలేదు. రాలీ దగ్గర వేడ్ అవెన్యూ ఎగ్జిట్ అప్పుడూ 289, ఇప్పుడూ 289. కేరీ, మోరిస్‌విల్ వైపున్న మన తెలుగువాళ్లలో చాలామందికి పశ్చిమాన ఇంత జరిగిందని కూడా తెలియదు.

మార్చక తప్పనప్పుడు ఎలా మార్చాలో ఇండియానా చూపించింది. అక్కడ ఐ-69 ఇండియానాపోలిస్‌లో పుట్టి ఉత్తరానికి వెళ్లేది, అంటే సున్నా ఇండియానాపోలిస్‌లో. దాన్ని దక్షిణాన ఎవాన్స్‌విల్ దాకా పొడిగించాలనుకున్నప్పుడు సున్నా కిందికి జారిపోయింది. వాళ్లు 2012లో పాత నంబర్లన్నిటికీ సరిగ్గా 200 కలిపారు. ఫిషర్స్‌లో ఎగ్జిట్ 5 అన్నది 205 అయింది. నూట తొంభై ఎంతో కలిపి ఉంటే జనం కాలిక్యులేటర్ పట్టుకోవాల్సి వచ్చేది. 200 కలిపితే చివరి అంకెలు అలాగే ఉన్నాయి, పాతది గుర్తున్నా దారి దొరుకుతుంది. ఎవాన్స్‌విల్ నుంచి ఇండియానాపోలిస్ దాకా రోడ్డు 2024లో గానీ పూర్తి కాలేదు. అంటే రోడ్డు పూర్తవడానికి పన్నెండేళ్ల ముందే నంబర్లకు చోటు సిద్ధం చేశారు. మధ్యలో ఐ-465తో కలిసి వెళ్లే ముక్కలో మాత్రం 465 నంబర్లే ఉంటాయి. రెండు రూట్లు ఒకే రోడ్డు మీద నడిచేటప్పుడు ఒకదాని లెక్కే చెల్లుతుంది.

నంబరు మార్చడమంటే బయటివాళ్లకు ఒక స్టిక్కర్ అతికించడంలా అనిపిస్తుంది. ఒక్క ఇంటర్‌చేంజ్‌కి ఒక్కో వైపు కనీసం మూడు నాలుగు పెద్ద బోర్డులుంటాయి. రెండు మైళ్ల ముందు ఒకటి, మైలు ముందు ఒకటి, ర్యాంపు దగ్గర బాణంతో ఒకటి, ర్యాంపు విడిపోయే ముక్కోణంలో చిన్నది ఒకటి. పైన నంబరుండే చిన్న పలకను ట్యాబ్ అంటాం. ‘3’ కోసం చేసిన ట్యాబ్‌లో ‘73’ పట్టదు, ‘205’ అసలే పట్టదు. పలకే మార్చాలి. మైలు మార్కర్లు 0.2 మైలుకొకటి పెడితే పది మైళ్ల రోడ్డుకు రెండు వైపులా కలిపి వంద. ఇదంతా రాత్రిపూట ఒక లేన్ మూసేసి చేయాలి, తెల్లారేసరికి తెరవాలి. ఒక రాత్రి నేను లిఫ్ట్ బకెట్లో పైకి వెళ్లి ఒక ట్యాబ్ దగ్గరగా చూశాను. కింది నుంచి చిన్నగా కనిపించే ఆ అంకె నా మోచేతి నుంచి వేళ్ల కొస దాకా ఉంది. పాత పలక తీస్తే దాని వెనక అల్యూమినియం ఎండ తగలక మెరుస్తోంది, చుట్టూ ఉన్న ఆకుపచ్చ వెలిసిపోయి ఉంది. ఎన్నో ఏళ్లుగా ఎంతమంది ఆ అంకెను చూసి ఇంటికి మలుపు తిరిగి ఉంటారో అనిపించింది. కొత్త పలక బిగించాక దాని దగ్గర ‘ఓల్డ్ ఎగ్జిట్’ అని పసుపు పలక పెట్టాం. ఆ పసుపు పలక కొన్నేళ్లు ఉండి తీరాలని నేను ప్రతి మీటింగులోనూ పట్టుబడతాను. తొందరగా పీకేస్తే ఆ రోడ్డు మీద రోజూ తిరగని పెద్దవాళ్లే ఇబ్బంది పడతారు.

ఇక టర్న్‌పైక్. న్యూజెర్సీ టర్న్‌పైక్ ఐ-95 పేరు మోస్తున్నా దాని ఎగ్జిట్లు ఇప్పటికీ పాత వరుస నంబర్లే. ఎడిసన్ అంటే ఎగ్జిట్ 10, ఈస్ట్ విండ్సర్ అంటే 8, మధ్యలో కొత్తవి వచ్చినప్పుడు 7ఏ, 8ఏ. మైలు మార్కర్లు కూడా టర్న్‌పైక్‌వే, దక్షిణాన డెలావేర్ మెమోరియల్ బ్రిడ్జి వైపు నుంచి మొదలవుతాయి. అందుకే ఎగ్జిట్ 10 దగ్గర మార్కరు 88 చూపిస్తుంది. ఐ-95 న్యూజెర్సీలోకి వచ్చి అక్కడికి నిజంగా నడిచింది నలభై అయిదు మైళ్ల లోపే. మీ అతిథులు ఎగ్జిట్ 8 అంటే మూడు అర్థాలొస్తాయని గమనించండి: టర్న్‌పైక్ మీద ఈస్ట్ విండ్సర్, ఐ-295 మీద పెన్సిల్వేనియాలో న్యూటౌన్, పాతవాళ్ల నోట్లో ప్రిన్స్‌టన్ పైక్. నన్నడిగితే టర్న్‌పైక్‌కి మైళ్ల నంబర్లే మేలు, కానీ ‘మీది ఏ ఎగ్జిట్?’ అని పలకరించుకునే రాష్ట్రంలో పాత నంబరును పక్కనే చాలా ఏళ్లు ఉంచకుండా ఆ పని చేయకూడదు.

కామెంట్లలో ఒకరు మన దగ్గర ఎలా అని అడిగారు. హైదరాబాద్ ఓఆర్ఆర్ మీద ఎగ్జిట్లు వరుస నంబర్లే. శంషాబాద్ 16, పెద్ద అంబర్‌పేట 11. నార్సింగి దగ్గర తర్వాత ఇంటర్‌చేంజ్ కట్టినప్పుడు 18 పక్కన అక్షరం తగిలించాల్సి వచ్చింది, వరుస పద్ధతిలో ఉన్న ఇబ్బందే అది. జాతీయ రహదారుల పేర్లు 2010లో మారాయి, 9 కాస్తా 65 అయింది, 7 కాస్తా 44, 5 కాస్తా 16. విజయవాడ వెళ్లే దారిని మా నాన్నగారు ఇప్పటికీ ‘నైన్’ అనే అంటారు. ఊరికి బైపాస్ వేసినప్పుడు మన ఇంజినీర్లకూ ఇదే తంటా. అందుకే ప్రాజెక్టు కాగితాల్లో ‘ఎగ్జిస్టింగ్ చైనేజ్’ (పాత రోడ్డు దూరం లెక్క), ‘డిజైన్ చైనేజ్’ (కొత్త రోడ్డు దూరం లెక్క) అని రెండు కాలమ్‌లు పక్కపక్కన పెడతారు. కిలోమీటరు రాయి మీద ఒకటి, కాగితంలో ఇంకోటి ఉంటే 108కి ఫోన్ చేసేటప్పుడు రాయి మీదున్నదే చెప్పండి, దాంతో పాటు దగ్గరి ఊరి పేరు, ఏ వైపు వెళ్తున్నారో కూడా.

కార్డు విషయానికొస్తే, పాత నంబరు అసలు వేయించకండి. మీ ఎగ్జిట్ పక్కన ‘ఐ-95’ అన్న మాట కూడా పెట్టకండి. ఫిలడెల్ఫియా నుంచి వచ్చే చుట్టాలు దాన్ని నమ్మి ఐ-95 నార్త్‌లోనే ఉండిపోతే కొత్త ఫ్లైఓవర్ ఎక్కి, టర్న్‌పైక్ మీద తేలి, ముహూర్తానికి మీ ఇంట్లో కాకుండా టోల్ రోడ్డు మీద ఉంటారు. రెండు వైపుల నుంచి వచ్చేవాళ్లకూ విడివిడిగా ఇలా రాయించండి:

ఎడిసన్ వైపు నుంచి: రూట్ 1 సౌత్, లారెన్స్ దగ్గర ఐ-295 నార్త్, ఎగ్జిట్ 73, స్కాచ్ రోడ్డు.

ఫిలడెల్ఫియా వైపు నుంచి: ఐ-95 వదిలి ఐ-295 ఈస్ట్, స్కడర్ ఫాల్స్ వంతెన దాటాక అదే ఐ-295 సౌత్ అవుతుంది, ఎగ్జిట్ 73, స్కాచ్ రోడ్డు.

ఈ రెండో దాంట్లో ‘ఐ-95 వదిలి’ అన్న మాట తప్ప ఇంకెక్కడా 95 రానివ్వకండి. తిరుగు ప్రయాణంలో ఆ వంతెన మీద పెన్సిల్వేనియా వైపు వెళ్లేవాళ్లకు మాత్రమే టోల్ ఉంటుందని, బూత్ ఉండదని, బిల్లు ఇంటికి వస్తుందని కూడా పెద్దవాళ్లకు ముందే చెప్పి ఉంచండి.